గ్రంథపట్టికలో కృతిభర్త

ఆరణ్యపర్వశేషమును ఎఱ్ఱన రచించెనని యెఱుగని తెలుగు విద్యార్థి యుండడు. అయినను గత సంవత్సరము నా పరిశోధక విద్యార్థి యొకడు ఒక గ్రంథాలయపు కంప్యూటరు పట్టికలో ఎఱ్ఱన పేర వెదకగా హరివంశము, నృసింహపురాణము దొరకినవి గాని భారతభాగము దొరకలేదు. పుస్తకము అరలోనే యున్నది. పట్టికలో నది నన్నయ పేర మాత్రమే చేరియున్నది.

ఇది గుమాస్తా యజాగ్రత్త మాత్రమే యని నేను తలపను. 1960 తరువాతి దశకమున అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున హెన్రియెట్ ఆవ్రామ్ నాయకత్వమున రూపొందిన 'మార్క్' పద్ధతి, అంతకు ముందు కార్డుపై వ్రాయుచుండిన వివరములనే యంత్రము చదువునట్లు అంకెల గదులలో నమర్చినది. అందు 100వ గది ప్రధానకర్తకు; తక్కినవారికి 700వ గది. ఎవరు ఏ భాగమును వ్రాసిరో చెప్పుట కవకాశ మున్నను చెప్పువా రరుదు. 700వ గది నింపుట కోపిక లేనిచోట తిక్కనయు నెఱ్ఱనయు మాయమగుదురు. 1995లో ఒహాయో రాష్ట్రపు డబ్లిన్ పట్టణమున మొదలైన 'డబ్లిన్ కోర్' మఱింత సులభము. దాని 15 మూలాంశములలో రచయిత కలడు, సహాయకుడు కలడు, ప్రకాశకుడు కలడు, కృతిభర్త లేడు. 'మార్క్'లో నాతనికొక సంకేతము గలదు గాని, దానిని తెలుగు కావ్యములకు వాడిన పట్టిక నా కంటబడలేదు.

సెమాంటిక్ వెబ్ అనబడు నూతన పద్ధతి ఈ గదులను పగులగొట్టి, ప్రతి విషయమును కర్త, క్రియ, కర్మలు గల చిన్న వాక్యముగా మార్చును. ఈ వాక్యరచనకు మూలమైన 'ఆర్‌డీఎఫ్' 1999లో ప్రమాణమైనది. నన్నయ రచించెను ఆదిపర్వమును: ఇందు నన్నయకు, రచించుట యను సంబంధమునకు, ఆదిపర్వమునకు వేర్వేఱు స్థిరసంకేతము లుండును. పేరు ఏ లిపిలో వ్రాసినను, విశ్వనాథ సత్యనారాయణగారి యింటిపేరు ముందున్నను వెనుకకు బోయినను, సంకేత మొక్కటే. కాంగ్రెసు గ్రంథాలయము 2012లో వెలువరించిన 'బిబ్‌ఫ్రేమ్' నమూనా ఈ త్రోవలోనిదే. సంబంధమును ప్రధానము చేసినందున ఈ పద్ధతి మన వాఙ్మయమునకు వెనుకటి దానికంటె తగినదని నా యభిప్రాయము. అయితే దానిని పరీక్షింపవలసిన చోటు సులభమైన యాదిపర్వము కాదు.

ఆంధ్రమహాభారతమునకు కవులు ముగ్గురు, కృతిభర్త లిద్దఱు. ఎఱ్ఱన పదునాల్గవ శతాబ్దివాడు. ఆతని పోషకుడు ప్రోలయ వేమారెడ్డి. అయినను ఆరణ్యపర్వశేషమును ఆతడు నన్నయ రచనయే కొనసాగినట్లు, పదునొకండవ శతాబ్దపు రాజరాజనరేంద్రునకే యంకితముగా పూరించెను. ఇది మనకు వినయము, కావ్యధర్మము. యంత్రమునకో? కృతిభర్త కవికి సమకాలికుడను నియమమును ఎవరైన చేర్చినచో, అది ఎఱ్ఱనను మూడు శతాబ్దములు వెనుకకు ద్రోయును. కార్డులోని తప్పు కార్డుతోనే నిలుచును. ముడివడిన వాక్యములలోని తప్పు మఱికొన్ని తప్పులను కనును.

తిక్కన పదునైదు పర్వములకు కృతిభర్త హరిహరనాథుడు. అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య 2017లో వెలువరించిన నమూనాలో, వ్యక్తి యనగా నిజముగా జీవించినవాడు, లేదా జీవించెనని భావింపబడువాడు. ఆ నిర్వచనమున దేవునకు చోటు లేదు. హరిహరనాథుని వ్యక్తిగా గాక వేఱొక వస్తువుగా నమోదు చేయవలసి వచ్చును. నిర్వచనకర్తలను తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. వారి యెదుట మన కావ్యావతారికలు లేవు. వానిని ఎదుట నుంచవలసినవారము మనము.

అదే సమాఖ్య 1998లో ప్రకటించిన సిద్ధాంతమున అనువాదము మూలకృతికే యొక రూపాంతరము. స్వేచ్ఛానుసరణము వేఱొక కృతి. మన భారతము రెంటిలో నేది? తరగతిలో ఈ ప్రశ్నపై నేను రెండు గంటలు మాటాడి, తీర్పు విద్యార్థులకు విడిచిపెట్టుదును. పట్టికాకారునకు ఆ సౌఖ్యము లేదు. ఆతడొక గీత గీయవలెను. అదృష్టవశమున ఒక వాక్యమును ఎవరు, ఏ యాధారమున చెప్పిరో మఱొక వాక్యముగా చేర్చుట కీ పద్ధతిలో వీలున్నది. భట్టుమూర్తియే రామరాజభూషణుడా యను వివాదమును సైత మిట్లు వివాదముగనే నిలుపవచ్చును. ఈ వెసులుబాటును వాడనిచో నూతన పద్ధతి పాత కార్డుకంటె మొండిది.

నేను నివసించు మధురవాడలో కొండలపై కంప్యూటరు సంస్థలు గలవు. అందు పనిచేయు యువకులకు ఈ త్రిపదవాక్యము లేమియు క్రొత్త కావు. ఊరి యావలి వైపున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గలదు; అచ్చట అవతారికలను, గద్యలను చదువనేర్చినవా రున్నారు. వీరికిని వారికిని మాటలు లేవు. మన సిద్ధాంతవ్యాసములలో కవికాలనిర్ణయములు, కృతిపతుల వంశావళులు ఎన్నియో గలవు. అవి పుటల యడుగున సూచికలుగా పడియున్నవి. వానిని వాక్యములుగా విడదీయుటకు భారత మొకటి చాలును మొదట. పదునెనిమిది పర్వములకు కవిని, కృతిభర్తను, ఆధారమును వేర్వేఱుగా వ్రాసి, ఆరణ్యపర్వమును మాత్రము నాల్గవ యాశ్వాసము నడుమ రెండుగా కోయవలెను. ఎఱ్ఱనను వెదకి విఫలుడైన విద్యార్థికే ఈ పని యప్పగించితిని.