సంకేతం వెళ్లే దారి లెక్క

గ్రహాల మధ్య రేడియో సంకేతం ప్రయాణాన్ని కంప్యూటర్‌లో అనుకరించేటప్పుడు మొదటి చిక్కు దూరంతోనే వస్తుంది. కాంతి, రేడియో తరంగం రెండూ సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. అయినా అంగారకుడి నుంచి భూమికి రావడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఆలోగా భూమి సెకనుకు 30 కిలోమీటర్ల చొప్పున జరిగిపోతూనే ఉంటుంది. కాబట్టి సంకేతం బయలుదేరినప్పుడు అంగారకుడు ఉన్న చోటికీ, అందేసరికి భూమి ఉన్న చోటికీ మధ్య దూరం కావాలి. దూరం తెలిస్తే గానీ సమయం తెలియదు, సమయం తెలిస్తే గానీ దూరం తెలియదు. ఒక అంచనాతో మొదలుపెట్టి, వచ్చిన జవాబును మళ్లీ అదే లెక్కలో పెడతారు. కాంతి ముందు గ్రహాల వేగం ఏపాటిది? కొద్ది విడతల్లోనే జవాబు కుదురుకుంటుంది. సూర్యుడి పక్కగా వచ్చే సంకేతానికి ఇర్విన్ షపీరో 1964లో చెప్పిన ఆలస్యాన్నీ కలపాలి. అది మైక్రోసెకన్లలోనే ఉన్నా, వదిలేస్తే దూరం కిలోమీటర్ల మేర తప్పుతుంది.

డాప్లర్ ప్రభావం ఇంతకన్నా మాయదారిది. దగ్గరవుతున్న నౌక నుంచి వచ్చే తరంగం పౌనఃపున్యం పెరుగుతుంది. దాని మీద వచ్చే బిట్ల వేగమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఈ రెండోదాన్ని మరవడం చాలా తేలిక.

ఒక నిజమైన ప్రయాణంలో ఆ మరుపే జరిగింది. శని ఉపగ్రహం టైటాన్‌పై దిగే హైగెన్స్ నౌక పంపే సమాచారాన్ని కసీని నౌక అందుకుని భూమికి చేరవేయాల్సి ఉంది. రెండూ 1997లో కలిసే బయలుదేరాయి. కసీనిలోని రిసీవర్ మారిన పౌనఃపున్యాన్ని పట్టుకోగలిగేది గానీ, మారిన బిట్ల వేగాన్ని అందుకోలేకపోయేది. ప్రయోగానికి ముందు డాప్లర్ మార్పుతో పూర్తి పరీక్ష జరగలేదు. 2000లో యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ ఇంజినీరు బోరిస్ స్మెడ్స్, కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ యాంటెన్నా నుంచి అచ్చం హైగెన్స్ పంపినట్టే ఒక సంకేతాన్ని, డాప్లర్ మార్పుతో సహా, కసీనికి పంపి చూశారు. బిట్లు లేని ఉత్త క్యారియర్ తరంగాన్నే పంపి ఉంటే అంతా సవ్యంగానే కనిపించేది. ఈ పరీక్షలో మాత్రం సమాచారం చెడిపోయింది. అప్పటికే అంతరిక్షంలోకి వెళ్లిపోయిన రిసీవర్‌ను సరిదిద్దే వీలు లేదు. అందుకని కసీని దారినే మార్చి టైటాన్‌కు దూరంగా నడిపించారు. దాంతో హైగెన్స్ వైపు దూసుకొచ్చే వేగం తగ్గి, డాప్లర్ మార్పు రిసీవర్ హద్దుల్లోకి వచ్చింది.

2005 జనవరి 14న హైగెన్స్ దిగింది. అది సమాచారం పంపే రెండు ఛానళ్లలో ఒకదానికి కసీనిలో ఉన్న రిసీవర్‌ను ఆన్ చేసే కమాండే పంపలేదు. ఆ పొరపాటుతో సగం ఫొటోలు పోయాయి. గాలుల వేగాన్ని కొలిచే ప్రయోగమూ ఆ ఛానల్‌నే నమ్ముకుంది. అయితే హైగెన్స్ క్యారియర్ తరంగాన్ని భూమి మీది రేడియో టెలిస్కోపులు నేరుగా పట్టుకున్నాయి. అందులోని డాప్లర్ మార్పు నుంచే టైటాన్ గాలుల వేగాన్ని లెక్కగట్టారు.