మధ్యమం వర్జ్యం

సొంతంగా కట్టుకున్న మొదటి కీబోర్డు స్టైల్‌ని వినాయక చవితి పందిట్లో మోగించాను. రెండు చరణాల దాకా ఢోకా లేదు. మూడో చరణంలో పాట మైనర్‌లోకి తిరిగింది. ఎడమచేత్తో ఎ మైనర్ పట్టాను. కార్డ్ బాగానే పలికింది, బేస్ మాత్రం వెళ్లి సి షార్ప్ మీద కూర్చుంది. పాడుతున్నావిడ ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు కీబోర్డు వాయించేవాళ్లందరికీ తెలిసిందే.

తప్పు అప్పటికి నెల ముందే జరిగిపోయింది, ఆ బేస్‌కి నేను నియమం రాసిన రోజున.

అరేంజర్ కీబోర్డులో ఎడమచేత్తో కార్డ్ పడితే చాలు, డ్రమ్స్, బేస్, గిటార్ దాని వెంట నడుస్తాయి. ఆ నడకనే స్టైల్ అంటాం. అది రికార్డు చేసిపెట్టిన రిథమ్ అని చాలామంది అనుకుంటారు. రికార్డింగే అయితే పని ఎంతో సులువు. రేపు ఎవరు ఏ పాట ఎత్తుకుంటారో, ఏ కార్డ్ తర్వాత ఏది పడుతుందో స్టైల్ కట్టేవాడికి తెలియదు. ఒకే ఒక్క కార్డ్ మీద వాయించి, మిగతా కార్డ్‌లు వచ్చినప్పుడు ఏ స్వరం ఎటు జరగాలో రాసిపెడతాడు, అంతే.

నాకు అలవాటైంది యమహా పద్ధతి. అందులో 8 చానెళ్లు: రిథమ్‌కి 2, బేస్‌కి 1, కార్డ్‌లకి 2, ప్యాడ్‌కి 1, మధ్యమధ్య వచ్చే బిట్లకి 2. మామూలుగా మూల కార్డ్ సి మేజర్ సెవెంత్. పాట నడిచే మెయిన్ భాగం వాయించేటప్పుడు వాడదగ్గ స్వరాలు ఆరే: సి, డి, ఇ, జి, ఎ, బి. సి ని షడ్జమం అనుకోండి, సరిగపదని. శంకరాభరణంలోంచి మధ్యమం ఎత్తేసినట్టు! మొదటిసారి ఆ స్వరాల జాబితా చూసినప్పుడు సంగీతం మాస్టారెవరో ‘మధ్యమం వర్జ్యం’ అని గద్దించినట్టే అనిపించింది. కారణం తేలికే. గాంధారానికి అరస్వరం పైనే ఉండే ఆ ఎఫ్, మేజర్ కార్డ్‌లో గాంధారంతో గొడవ పడుతుంది. ఇంట్రోకి, ఎండింగ్‌కి ఈ కట్టడి లేదు.

ఇక నా బేస్ సంగతి. సి, ఇ, జి అని వాయించి, ‘రూట్ ట్రాన్స్’ పెట్టి, స్వరాలు మార్చే పట్టికల్లో ‘బైపాస్’ ఎంచాను. స్వరాల మధ్య దూరం మార్చకుండా మొత్తాన్ని జరపమని ఆ రెంటికీ కలిపి అర్థం. సి నుంచి ఎ కి జరిగితే ఇ కాస్తా సి షార్ప్ అవుతుంది. మైనర్‌కి కావలసింది సి. ‘మెలోడిక్ మైనర్’ పట్టిక పెట్టి ఉంటే, మైనర్ రాగానే గాంధారాన్ని అరస్వరం దించి మిగతావాటి జోలికి పోయేది కాదు. తంబురది పూర్తిగా తిరగేసిన లెక్క. కార్డ్ ఎన్నిసార్లు మారినా అది కదలకూడదు కాబట్టి దానికి ‘రూట్ ఫిక్స్‌డ్’, బైపాస్. పాడేవాళ్లది ఒకటిన్నర శృతైనా ఐదు శృతైనా ట్రాన్స్‌పోజ్ బటన్‌తో అన్నీ కలిపి జరుపుకోవచ్చు.

లెక్కలు నేర్చుకుంటే వస్తాయి. అసలు చిక్కంతా తబలాతో. కహెర్వా తాళం బోలు ధా గె నా తి, న క ధి న. ఎడమచేతి బాయా నిండుగా మోగేది ధా, గె, ధి దగ్గరే. ఆ గె ని అరచేత్తో నొక్కి వంచడంలోనే ఉంది పాట ఊపంతా. వంచాలంటే పిచ్ బెండ్ ఇవ్వాలి. ఇస్తే ఆ చానెల్లో మోగేవన్నీ కలిసి వంగుతాయి, కుడి తబలాతో సహా. అందుకే నేను రెండు రిథమ్ చానెళ్లలో ఒకటి బాయాకే వదిలేస్తాను. తర్వాత క్వాంటైజ్. దెబ్బలన్నిటినీ గీత మీదకి లాగేసే ఆ బటన్ నొక్కితే తప్పులతో పాటు ఊపు కూడా పోతుంది. డ్రమ్స్‌కి నొక్కండి, తబలా మీద మాత్రం చెయ్యి పెట్టకండి. భాగాల మధ్య వేసే ఫిల్‌ది ఇంకో ఇబ్బంది, దానికి ఒక్క బారే గడువు. మూడుసార్లు తిప్పి వేసే ముక్తాయింపు అందులో పట్టదు, ఎండింగ్‌లో దాచుకోవలసిందే.

యమహా పిఎస్‌ఆర్-ఐ455, కాసియో సిటి-ఎక్స్870ఐఎన్ లాంటి మోడళ్లలో మన వాద్యాలూ తాళాలూ కంపెనీయే పెట్టి ఇచ్చింది. కొట్లలో వందల స్టైళ్లు లోడ్ చేసిస్తారు కూడా. వాటిలో ఎక్కువ భాగానికి మెయిన్ మెట్లలో మొదటిదైన ఎ నుంచే హడావిడి. చివరి మెట్టు డి కి వచ్చేసరికి పెంచడానికి ఏమీ మిగలదు. నా మటుకు నాకు మంచి స్టైల్‌కి గుర్తు మెయిన్ ఎ. పల్లవి పాడుతున్నంతసేపూ అది అక్కడ ఉన్నట్టే తెలియకూడదు.

నలుగురు వాయిద్యగాళ్లని పిలిచే స్తోమత లేని పల్లెటూరి చర్చికి, భజన మండలికి ఈ కీబోర్డు పెద్ద ఆసరా. ఆ నలుగురిలో ఢోలక్ వాయించే అతని పని ఎగిరిపోయిందన్నదీ నిజమే. నేనూ అందులో భాగస్వామినే, కాదనను.

తీన్మార్ స్టైల్ కట్టినప్పుడు డప్పు కొట్టే ఒకాయనకి వినిపించాను. చివరిదాకా విని, “సిర్ర మోగుతుంది గని, సిటికెన పుల్లేదన్నా?” అన్నాడు. కుడిచేతి లావు కర్ర దెబ్బలన్నీ పెట్టాను. ఎడమచేతి సన్న పుల్ల మధ్యలో చిటచిటమని వేసేవి నా చెవికే ఆనలేదు. ఇంటికొచ్చి ఒక్కొక్కటే పెట్టాను, గట్టి దెబ్బ బలం 110 ఉంటే ఇవి 35, 40 మించకుండా. వారం తర్వాత ఊరేగింపు ముందు మళ్లీ వినిపించాను. ఈసారి ఏమీ అనలేదు. తల ఊపి, డప్పు కాచుకోవడానికి మంట దగ్గరికి వెళ్లాడు.