టెక్ కూర్పునందు లుప్తాక్షర సమస్య

ప్రాచీన గ్రంథ పరిష్కరణమున ఒక్క యక్షరము జాఱిపోయినచో, ఆ తప్పు లిపికారునిదా, అచ్చుకూటపు కూర్పరిదా యని పూర్వము విచారించెడివారు. నేడు పరిష్కర్తయే టెక్స్ట్ ఎడిటరునందు మూలమును వ్రాసికొని, టెక్ యంత్రముచే పుటలను కూర్పించుకొనుచున్నచోట ఆ తప్పునకు ఉత్తరవాది యతడే. కావున ఎడిటరు నమర్చుకొను విధానమును కేవలము యాంత్రికవిషయముగా త్రోసివేయరాదు.

డోనాల్డ్ కనూత్ 1978లో వెలువరించిన టెక్, ఆంగ్ల గణితగ్రంథముల యక్కఱకై పుట్టినది. తెలుగు యూనికోడును నేరుగా గ్రహింపగల జీటెక్‌ను జోనథన్ క్యూ 2004లో రచించెను. అయినను టెక్స్‌స్టూడియో వంటి ఎడిటరు, మనము మార్చనిచో, పాత పీడీఎఫ్‌లాటెక్‌నే పిలుచును. తెలుగునకు అది పనికిరాదు. మెనూలో ఈ యమరికను మార్చుకొనవచ్చును. కాని మూలఫైలు తొలిపంక్తిలో శాతపు గుర్తు నుంచి, దాని వెనుక జీలాటెక్ పేరు నిర్దేశించుటయే మేలని నా యభిప్రాయము. మెనూలోని మార్పు ఒక్క కంప్యూటరునకే పరిమితము. తొలిపంక్తి ఫైలుతోపాటు శిష్యుని చేతికిని పోవును.

వ్రాయునపుడు వత్తులు సరిగా కనబడుట రెండవ యవసరము. ఈమాక్స్ 27వ కూర్పు (2020) నుండి ఈ విషయమున మెఱుగైనది. పొల్లు నిలుపుటకై టైపుచేయు వెడల్పులేని వియోజకము మాత్రము కంటి కగపడదు. ఒకచోట నుండి వేఱొకచోట లేకున్నచో పదసూచికలో ఒకే పదము రెండు పదములుగా చీలును. దానిని గుర్తుతో చూపునట్లు ఎడిటరును సవరించుకొనవలయును.

అసలు చిక్కు ఇంకొకటి. పాత ప్రతులందు కనబడు నకారపు పొల్లునకు యూనికోడులో ప్రత్యేకస్థానము 2021లో గాని లభింపలేదు. ఎంచుకొన్న ఫాంటులో దానికి రూపము లేనిచో పుటయందు ఖాళీయో, డబ్బాయో మిగులును. యంత్రము మాత్రము పని ముగిసినదనియే చెప్పును! హెచ్చరిక యుండకపోదు, కాని నివేదికలోని వందల పంక్తుల నడుమ దానిని చదువువా రెవరు? పాఠాంతరమే పోయిన పుట చూపులకు చక్కగానే యుండును. దీనికి మందు కలదు. ‘ట్రేసింగ్‌లాస్ట్‌చార్స్’ అను పరిమాణమునకు 3 అను విలువ నిచ్చినచో, టెక్ లైవ్ 2021 మొదలుకొని, లుప్తాక్షరము హెచ్చరికగా గాక దోషముగా పరిగణింపబడును. పరిష్కరణకు పూనుకొనువారు ముందుగా వ్రాయవలసిన పంక్తి యిదియే. పుటల యలంకారములు, శీర్షికల సొంపులు తరువాతి మాట.

ప్రూఫులు దిద్దుటకు సింక్‌టెక్ మిక్కిలి యుపకారి: పుటయందలి పదమును నొక్కినచో మూలమునందలి పంక్తి యెదుట నిలుచును. అయితే ఱకారమున్న చోట రకారము టైపుచేసిన తప్పును ఈ యమరిక లేవియు పట్టజాలవు. ఒకరు తాళపత్రప్రతిని పైకి చదువుచుండ, వేఱొకరు పుటను వ్రేలితో అనుసరించు పాత పద్ధతి అందుల కిప్పటికిని వలసినదే.