గన్నేరు అంటే ఏ గన్నేరు? – చెట్ల పరిచయ గ్రంథాలపై విమర్శ

చెట్లను గుర్తించడానికి ఉపకరించే గ్రంథానికి అసలైన పరీక్ష ఇంటి పెరట్లోనే జరగాలి. ఏలూరు, తాడేపల్లిగూడెంల మధ్య ఉన్న ఉంగుటూరు వంటి ఊళ్లో ఇళ్ల ముందు, రోడ్ల పక్కన కనిపించే చెట్లలో చాలా భాగం ఎవరో తెచ్చి నాటినవే. తురాయి మడగాస్కర్ నుండి వచ్చింది; పచ్చగన్నేరు, నిద్రగన్నేరు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుండి వచ్చాయి. ఇటువంటి పెంపుడు చెట్లను గుర్తించదలచిన తెలుగు పాఠకునికి ఇంతవరకు వచ్చిన గ్రంథాలు ఏ మేరకు తోడ్పడతాయి?

సర్ వాల్టర్ ఇలియట్ 1859లో మద్రాసులో ప్రకటించిన ‘ఫ్లోరా ఆంధ్రికా’ ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లను సేకరించి, వాటికి శాస్త్రీయ నామాలను జతపరచింది. ఇది చిన్న సేవ కాదు. కాని అది పేర్ల పట్టిక. పేరు తెలిసినవానికే దారి చూపుతుంది, ఆకు చేతబట్టుకొని వచ్చినవానికి కాదు. గాంబుల్ ఆరంభించగా ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు రాజధాని వృక్షజాల గ్రంథం (1915–1936) లక్షణాలను పోల్చుతూ చెట్టు పేరు వరకు తీసుకుపోతుంది. అయితే దాని దృష్టి ముఖ్యంగా సహజంగా పెరిగే మొక్కలపైనే. పైగా తోటల్లోని ముద్దపూలలో కేసరాలే రేకులుగా మారిపోతాయి. అక్కడ కేసరాల లెక్క పనికిరాదు. శాంతాపావ్ ‘కామన్ ట్రీస్’ (1966) సులభమైనదే గాని, కొన్ని చెట్లకే పరిమితం.

ఈ లోటు కేవలం పండితుల సమస్య కాదు. ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు రెండూ గుండెను దెబ్బతీసే విషం గలవి. దేవగన్నేరు వాటి కుటుంబానిదే అయినా వేరు చెట్టు. నిద్రగన్నేరు మాత్రం చిక్కుడు కుటుంబానికి చెందినది. తియ్యని దాని కాయలను పశువులు తింటాయి. బిడ్డ ఏదో గన్నేరు కాయ కొరికిందని తల్లి పరుగెత్తుకొస్తే, వైద్యునికి ఆ ఒక్క పేరు చాలదు. పూలు లేనప్పుడు కూడా తేడా తెలియాలి: ఎర్రగన్నేరుకు సాధారణంగా కణుపుకు మూడేసి ఆకులు, పచ్చగన్నేరుకు ఒక్కొక్కటే. ఈ ఒక్క వాక్యం ఎన్ని రంగుల బొమ్మలకైనా సాటి.

పేర్ల చిక్కును ముస్లిం విద్వాంసులు ఏనాడో గ్రహించారు. పదకొండవ శతాబ్దంలో అల్ బీరూనీ తన ఔషధ గ్రంథం ‘కితాబుస్సైదనా’లో ఒక్కొక్క మూలికకు అరబ్బీ, గ్రీకు, సిరియాక్, పారశీక, భారతీయ నామాలను పక్కపక్కన చేర్చాడు. అరబ్బీ లిపిలో చుక్కలు తారుమారైతే పేర్లే మారిపోతాయని హెచ్చరించాడు కూడా. పేరు తప్పితే మందు తప్పుతుందన్నదే ఆయన శ్రమకు ప్రేరణ.

కడియం నర్సరీల నుండి కొత్త మొక్కలు ఊరూరా చేరుతున్నాయి. తాడేపల్లిగూడెం చెంత వెంకట్రామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వెలసింది. ఆకు, బెరడు, పాలు, కాయ ఆధారంగా పెంపుడు చెట్లను, పొదలను గుర్తింపజేసే గ్రంథాన్ని తెలుగులో కూర్చవలసిన బాధ్యత ఇటువంటి సంస్థలదే. అందులో వాడుక పేర్లన్నీ ఉండాలి. విషం గలవాటికి మొదటి పుటల్లోనే చోటు దక్కాలి.