వేషం మాది, రంగం ఎవరిది?

నాటక శిక్షణలో నటన, దర్శకత్వం, రంగాలంకరణ అని మూడు గదులు కట్టారు. గదుల మధ్య గోడల్ని ఇన్నాళ్లూ సాంకేతిక విషయంగానే చూస్తూ వచ్చాం. అవి కులానికి సంబంధించిన గోడలు కూడా. ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాల 1959లో మొదలైంది. అక్కడ మొదటి ఏడాది పాఠాలు అందరికీ ఒకటే. ఆ తర్వాత విద్యార్థి నటన వైపో, రూపకల్పన, దర్శకత్వం వైపో మళ్లాలి. కాగితం మీద ఇది ఇష్టాన్ని బట్టి జరిగే ఎంపిక. కానీ చిన్నప్పటి నుంచి దప్పు విన్నవాడిని, బోనాల్లో ఆడినవాడిని చూడగానే 'నువ్వు నటుడివి, నీ ఒంట్లో లయ ఉంది' అనడం మెచ్చుకోలులాగే వినిపిస్తుంది. లయ అతనిదట, ఆ లయను ఎక్కడ వాడాలో చెప్పే పని మాత్రం ఇంకొకరిదట! చేతులు ఒకరివి, తల ఇంకొకరిది అనే పాత వర్ణ విభజనకూ దీనికీ తేడా ఎక్కడుంది?

మౌలాలి లాంటి చోటు నుంచి వచ్చే రంగస్థల విద్యార్థి పనిని అంచనా కట్టాలంటే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. రైల్వే షెడ్లు, క్వార్టర్లు, పారిశ్రామికవాడ, గుట్ట మీద దర్గా, రజబ్ నెలలో ఉర్సు. తెలుగూ ఉర్దూ కలిసి నడిచే చోటు ఇది. ఇక్కడివాళ్లకు కళ బయటినుంచి ఎవరో తెచ్చిపెట్టిందేమీ కాదు. గుట్ట కింద మహ్‌లఖా బాయి చందా (1768–1824) సమాధి ఉంది. ఆమె నర్తకి, గాయని, ఉర్దూ కవయిత్రి. నిజాం దర్బారులో గౌరవం, జాగీరు సంపాదించింది. ఆడపిల్లలకు ఆటపాటలు నేర్పించింది. అంటే విశ్వవిద్యాలయాల్లో నాటక శాఖలు పుట్టకముందే ఈ నగరంలో ఆటకు బడి ఉంది. ఆమె దళిత స్త్రీ కాదు, ఆమెది దర్బారు బతుకు. అయినా ఒక పోలిక తప్పదు. ఆమె పేరు రాతి మీద నిలిచింది. ఎల్లమ్మ పేరుతో, పోచమ్మ పేరుతో ఊరి ముందు ఆడిన మాల మాదిగ జోగినుల పేర్లు ఏ రాతి మీద ఉన్నాయి? వాళ్లకు మిగిలింది 1988లో ఆంధ్రప్రదేశ్ చేసిన దేవదాసీ నిషేధ చట్టం. ఆ చట్టం కావలసిందే, అందులో సందేహం లేదు. కానీ జోగిని వేషం కట్టే విద్యార్థిని ఆమెను ఏడుపు బొమ్మగానే చూపిస్తే సరిపోదు. ఆమెను ఆడించిన పెత్తందారు కూడా రంగం మీదికి రావాలి. వాడిని రప్పించాలా వద్దా అన్న నిర్ణయం నటనతో తేలదు, దర్శకత్వంతోనే తేలుతుంది.

చిందు భాగోతం చూడండి. మాదిగల మీద ఆధారపడి బతికే చిందు కులంవాళ్లు జాంబపురాణం ఆడతారు. ఆ పురాణంలో ఆది పురుషుడు జాంబవంతుడు, బ్రాహ్మణుడు తర్వాత వచ్చినవాడే. నగలు, కిరీటాలు తేలిక కొయ్యతో చేసుకుంటారు, ముఖానికి అర్దళం పూసుకుంటారు. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు తెర దించాలో తామే తేల్చుకుంటారు. నిజామాబాద్ ప్రాంతపు చిందు ఎల్లమ్మ ఆడవేషాలే కాదు, మగవేషాలూ కట్టింది. 2005లో ఆమె చనిపోయింది. జనగామ ప్రాంతపు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. అయితే వీళ్లను 'జానపద కళాకారులు' అనే పెట్టెలో వేసి, 'దర్శకులు' అనే మాటను పట్నం వాళ్లకు అట్టిపెట్టడం మాత్రం ఆగలేదు. చిందు మేళంలో నటన, దర్శకత్వం, అలంకరణ ఒకే కుటుంబం చేతిలో ఉంటాయి. నాటక శాఖ మూడేళ్లలో విడదీసి నేర్పేదాన్ని వాళ్లు కలిపి బతుకుతున్నారు.

మన ఆధునిక నాటకం దళితవాడను రంగం మీదికి తేలేదా అంటే తెచ్చింది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని ఏ.ఆర్.కృష్ణ తెర వదిలి, ఆరుబయట పల్లెను కట్టి ఆడించారు. రంగాలంకరణ చరిత్రలో అది పెద్ద అడుగు. ఆ గౌరవం ఇస్తూనే అడగాలి: ఆ పల్లెను ఎవరి కళ్లతో కట్టారు? బోయి భీమన్న 'పాలేరు' సంగతి వేరు. అక్కడ రాసినవాడే దళితుడు, కథ పాలేరుతనం నుంచి చదువు వైపు నడుస్తుంది. గుడిసెను ఎంత అందంగా కట్టామన్నది దానికి అవసరం లేదు, గుడిసెలోంచి బయటికి దారి ఎటన్నదే అవసరం. సానుభూతి రంగానికీ ఆత్మగౌరవ రంగానికీ తేడా ఇదే.

గద్దర్ (2023లో కన్నుమూశాడు) ఇంకో పాఠం. గొంగడి, కర్ర, కాళ్లకు గజ్జెలు. అతని రంగాలంకరణంతా అతని ఒంటి మీదే ఉండేది. గొంగడి భుజం మారితే పాత్ర మారేది. కానీ కారంచేడు (1985) తర్వాత దళిత ఉద్యమం విప్లవ సంస్థలను అడిగింది కూడా మర్చిపోవద్దు. గొంతు దళితులదైతే నాయకత్వం ఎవరిదని అడిగింది. రంగస్థల భాషలో అదే ప్రశ్నను దర్శకుడు ఎవరని అడుగుతాం.

ఇంకో చిన్న విషయం. దప్పును మంట మీద కాచుకోవాలి, అప్పుడే తోలు బిగుస్తుంది. మూసిన ఆడిటోరియంలో మంటకు చోటు లేదు. అందుకని ఫైబరు దప్పు వచ్చింది. తోలు పోయింది, తోలు పని చేసిన చేతి జాడ పోయింది, చప్పుడు మాత్రం మిగిలింది. ఎవరూ కావాలని చేసి ఉండకపోవచ్చు. కానీ ఆ భవనాన్ని గీసినవాడికి దప్పు గుర్తు రాలేదు. రంగాన్ని గీసే పెన్సిలు మన చేతికి రావాలనడం అందుకే. కాచే మంటకు చోటున్న రంగం గీయడం కూడా దళిత నాటక రచనే.

అమెరికాలో నల్లజాతి నాటకకర్త ఆగస్ట్ విల్సన్ 1996లో ఇలాంటి మాటే గట్టిగా చెప్పాడు. తెల్లవాళ్ల నాటకాల్లో నల్ల నటులకు వేషాలిస్తే చాలదని, నల్లవాళ్ల నాటకశాలలు నల్లవాళ్లకు కావాలని వాదించాడు. వేషం దొరకడం ఒక మెట్టు, రంగం దక్కడం ఇంకో మెట్టు. మనవాళ్లు మొదటి మెట్టు దగ్గరే చప్పట్లు కొట్టి ఆగిపోతున్నారు.

కాబట్టి మౌలాలి విద్యార్థి పనిని చూసేటప్పుడు 'బాగా నటించాడు' అని రాసి ఊరుకునే విమర్శ మనకొద్దు. ప్రతి రంగంలో వెలుగు ఎవరి ముఖం మీద పడుతోంది, ఎందుకు పడుతోంది, పడాలని నిర్ణయించిందెవరు అని అడగాలి. ఉర్సు జనం మధ్య, రైలు కూతల మధ్య నిలబడగల నాటకం కట్టాడా అని అడగాలి. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పాలి. దళితుడు కాబట్టి వదిలేద్దాం అనే జాలి కూడా అంటరానితనమే. ఇక నాటక శాఖలు చేయవలసింది ఒకటుంది. చిందు, ఒగ్గు, డక్కలి కళాకారులను వారం రోజుల ప్రదర్శనకు పిలిచి శాలువా కప్పి పంపడం మాని, దర్శకత్వం, రంగాలంకరణ నేర్పే గురువులుగా జీతమిచ్చి కూర్చోబెట్టాలి. ఆ కుర్చీ వేసేదాకా, వేషం మాది, రంగం ఎవరిదని అడుగుతూనే ఉంటాం.