కోడు రీడరు చెప్పునది, చెప్పనిది

డ్రైవరు ఎదుటనున్న పలకపై ఇంజను ఆకారము గల పసుపు దీపము వెలిగినచో, కారు యజమానికి వెంటనే దిగులు పుట్టును. ఇట్టివారికొరకు బజారులో కోడు రీడరు అను చిన్న పరికరము దొరకుచున్నది. దానిని స్టీరింగు చక్రమునకు దిగువనుండు 16 పిన్నుల సాకెట్టులో గుచ్చినచో, దీపము వెలుగుటకు హేతువైన సంకేతము తెరపై కనబడును. మెకానిక్కు అవసరము లేకయే ఇంటివద్ద రోగము కనిపెట్టవచ్చునని కొందరి నమ్మకము. ఈ నమ్మకము ఎంతవరకు సరియైనదో పరిశీలింపవలెను.

ఈ ఏర్పాటు మొదట ఇంజను బాగునకై కాక గాలి బాగునకై పుట్టినది. కార్ల పొగవలన గాలి చెడుచుండగా, ఇంజను తన లోపములను తానే కనిపెట్టి తెలుపవలెనని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1988 మోడలు కార్లనుండి నిర్బంధించినది. అప్పుడు ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క సాకెట్టు, ఒక్కొక్క సంకేత భాష. ఓబీడీ-2 అను రెండవ పద్ధతి 1996 మోడలునుండి అమెరికాలో అమ్మెడి కార్లన్నింటికి తప్పనిసరి యగుటతో ఈ గందరగోళము చాలవరకు తీరినది. భారతదేశమున ఈ పద్ధతి 2013 నుండి అమలులోనికి వచ్చినది. యంత్ర రహస్యమును కంపెనీ గోడలు దాటించి సామాన్యునకు అందించుట దీని గొప్ప గుణము.

ఇక లోపములు. పీ0171 అను సంకేతమును చూడుడు. మొదటి వరుస సిలిండర్లలో పెట్రోలు తక్కువై మిశ్రమము పలుచనైనదని దాని అర్థము. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సారు మిగిలిన ఆక్సిజనును కనిపెట్టి కంప్యూటరుకు తెలుపును. కంప్యూటరు తదనుగుణముగా పెట్రోలును హెచ్చించును, తగ్గించును. ఈ సవరణ హద్దు మీరి హెచ్చించవలసి వచ్చినప్పుడు సంకేతము పుట్టును. కాని కారణము ఏది? పగిలిన రబ్బరు గొట్టము గుండా గాలి చొరబడుట కావచ్చును; పెట్రోలు పంపు బలహీనపడుట కావచ్చును; గాలిని కొలిచెడి సెన్సారుపై మురికి పట్టుట కావచ్చును. సంకేతము వీనిలో దేనిని పేర్కొనదు. యజమాని తొందరపడి ఆక్సిజన్ సెన్సారునే మార్చినచో, సాక్ష్యము చెప్పినవానినే దొంగయని పట్టుకొన్నట్లగును. డబ్బు పోవును, దీపము మరల వెలుగును.

సవరణ శాతమును చూపెడి రీడరు ఇంతకంటె మేలైనది. ఇంజను నింపాదిగా తిరుగునప్పుడు సవరణ హెచ్చుగా ఉండి, నిమిషమునకు 2500 చుట్లు తిరుగునప్పుడు తగ్గినచో, గాలి చొరబడుచున్నదని ఊహింపవచ్చును. చిన్న రంధ్రముగుండా వచ్చు గాలి, లోనికి పోవు మొత్తము గాలి స్వల్పముగా ఉన్నప్పుడే లెక్కకు వచ్చును. ఎత్తు ఎక్కునప్పుడు, వేగము హెచ్చించునప్పుడు సవరణ పెరిగినచో, పెట్రోలు సరఫరాను అనుమానింపవలెను.

పీ0301 మొదటి సిలిండరు సరిగా మండుటలేదని చెప్పును. సిలిండరు ఒక్కింటికి ఒక్కొక్క ఇగ్నిషన్ కాయిలు గల ఇంజనులో, చల్లారిన పిదప మొదటి, రెండవ కాయిళ్లను తారుమారు చేసి చూడవచ్చును. సంకేతము పీ0302గా మారినచో దోషము కాయిలుదే. మారనిచో స్పార్కు ప్లగ్గునో, ఇంజెక్టరునో, సిలిండరు లోపలి ఒత్తిడినో పరీక్షింపవలెను. ఒక్క అంశమును మాత్రమే మార్చి ఫలితమును చూచుట ప్రయోగశాలలో విద్యార్థి నేర్చెడి పద్ధతియే. అయితే దీపము మిణుకుమిణుకుమనుచున్నచో ఇట్టి ప్రయోగములకై బండిని నడుపరాదు. మండని పెట్రోలు పొగగొట్టములోని ఉత్ప్రేరకమును చేరి, అచ్చట మండి, దానిని పాడుచేయును.

పరికరములోని మరియొక లోపము చెరిపివేయు మీట. దానిని నొక్కగానే దీపము ఆరును. రోగము మాత్రము పోదు. పైగా దోషము కనబడిన క్షణమున ఉండిన వేగము, ఇంజను వేడిమి మొదలగు వివరములు కూడ చెరిగిపోవును. పొగకు సంబంధించిన స్వయంపరీక్షలు మరల పూర్తియగుటకు బండిని కొంత నడుపవలసియుండును. కావున చెరుపుటకు ముందు అన్నియు కాగితముపై వ్రాసికొనవలెను.

దీపము వెలుగనంత మాత్రమున బండి క్షేమమనియు తలంపరాదు. అరిగిన టైర్లు, అరిగిన క్లచ్చి, వదులైన స్టీరింగు కీళ్లు ఈ పరికరమునకు గోచరింపవు. ప్రాణాపాయము తెచ్చునవి తరచుగా ఇవియే.

థర్మామీటరు జ్వరమున్నదని చెప్పును. మలేరియాయో టైఫాయిడో చెప్పదు. అంతమాత్రమున దానిని పారవేయువారు లేరు. కోడు రీడరును కూడ ఇట్లే వాడవలెను. కొనువారు ధరను మాత్రమే చూడక, సవరణ శాతములను, దోషక్షణపు వివరములను చూపెడి రకమును ఎంచుకొనుట మంచిది. సంకేతమును చదివినవెంటనే దుకాణమునకు పరుగెత్తక, ఏ పరీక్షతో ఏ అనుమానము తీరునో ఆలోచించు యజమానికి ఈ పరికరము పెట్టిన ధరకు తగిన ఫలితము నిచ్చును.