గడి దాటిన బొమ్మ: ‘భీమాయన’ చిత్రకథ - రూప పరిశీలన

1. ప్రస్తావన

డా. బి.ఆర్. అంబేడ్కర్ జీవితం భారతీయ చిత్రకథలో రెండు భిన్నమార్గాల్లో రూపుదిద్దుకుంది. 1967లో అనంత్ పాయ్ ఆరంభించిన అమర్ చిత్ర కథ 1979లో అంబేడ్కర్ సంచికను వెలువరించింది. 2011లో ‘నవయాన’ అనే స్వతంత్ర ప్రచురణసంస్థ ‘భీమాయన’ను ప్రచురించింది. దీనికి బొమ్మలు వేసినవారు పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. రచన శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్. ఈ రెండు గ్రంథాల మధ్య ప్రధానభేదం ఇతివృత్తంలో కన్నా రూపంలో ఉంది. ఆ రూపమే ‘భీమాయన’కు బలం. అయితే రచనాభాగం ఆ బలాన్ని పూర్తిగా విశ్వసించలేదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2. గడి నుంచి దిగ్నాకు

అమర్ చిత్ర కథ పుటను దీర్ఘచతురస్రాకారపు గడులుగా విభజిస్తుంది. ఒక గడి తర్వాత మరొక గడిని చదివే క్రమం నాయకుని జీవితాన్ని మెట్టు మెట్టుగా పైకి నడిపిస్తుంది. అక్కడ అవమానం ఆయన దాటివచ్చిన ఒక అవరోధంగా మిగులుతుంది. ‘భీమాయన’ చిత్రకారులు పాత్రలను పెట్టెల్లో బంధించడానికి అంగీకరించలేదు. గోండుల ఇళ్ళ గోడలమీద, నేలమీద తీర్చే దిగ్నా అలంకరణలే ఇక్కడ పుటలో వంపులు తిరుగుతూ సన్నివేశాలను వేరుచేస్తాయి, వాటిని మూసివేయవు. ఊరికీ వాడకూ, బావికీ దాహానికీ నడుమ హద్దులు గీసిన వ్యవస్థను ప్రశ్నించే కథలో ఈ గడిలేని పుట కేవలం అలంకారం కాదు, అదే ఒక వాదం.

సంభాషణల బుడగలూ ఈ వాదంలో భాగమే. సౌమ్యమైన మాటకు పక్షి ఆకారం, కులవిషం నిండిన మాటకు తేలు కొండి, మనసులోని ఆలోచనకు కన్ను గుర్తులయ్యాయి. మహాడ్ (1927) ఘట్టంలో లౌడ్‌స్పీకర్లు నీళ్ళు చిమ్మే జల్లులవుతాయి. నీటిహక్కును గురించిన ప్రసంగమే నీరై జనం మీద కురుస్తుంది. ఎంత వ్యాఖ్యానమూ సాధించలేని అర్థాన్ని ఈ ఒక్క బొమ్మ సాధించింది.

3. పరిమితులు

ఈ కథకు ప్రధాన ఆధారం అంబేడ్కర్ ఆత్మకథాత్మక రచన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. అందులో 1901 నాటి ప్రయాణంలో ఒక బండివాడు కనిపిస్తాడు. అతడు రెట్టింపు కిరాయికి ఒప్పుకొని, బండిని పిల్లలచేతనే తోలించి, తాను నడిచివస్తాడు. ఆశ, ఆచారం, మైలభయం కలగలిసిన అటువంటి మనిషిని పక్షికీ తేలుకూ నడుమ ఎక్కడ నిలపాలి? బుడగ ఆకారమే ముందుగా తీర్పు చెప్పినప్పుడు పాఠకుని విచారణకు చోటు తగ్గుతుంది.

బస్టాపులో రిజర్వేషన్ల మీద విసుక్కునే యువకునికి ఒక స్త్రీ అంబేడ్కర్ కథను చెప్పడం గ్రంథానికి చట్రం. ఖైర్లాంజి (2006) వంటి దారుణాల ప్రస్తావన కులహింస గతం కాదని నిరూపిస్తుంది. ఆ అవసరం కాదనలేనిది. కానీ సంభాషణ పలుచోట్ల పాఠంగా మారి, బొమ్మ అప్పటికే పలికినదాన్ని మళ్ళీ వివరిస్తుంది. చిత్రకారులు తొలగించిన గడిని రచన తిరిగి గీసినట్లయింది.

4. ముగింపు

ఈ పరిమితులు ‘భీమాయన’ స్థానాన్ని తగ్గించవు. కులానుభవాన్ని చెప్పడానికి ఒక ఆదివాసీ చిత్రభాష సమర్థమైనదని ఈ గ్రంథం నిరూపించింది. కథాసారాంశం దగ్గరే ఆగిపోయే పరిశీలనకు రెండు అంబేడ్కర్ చిత్రకథలూ ఒకటిగానే కనిపిస్తాయి. గీతనూ, హద్దునూ, బుడగనూ పాఠంగా చదివినప్పుడే వాటి రాజకీయభేదం తెలుస్తుంది. చిత్రకథా విమర్శ అక్కడినుంచే మొదలుకావాలి.